చీటీ అడగని పండగ

మా పెద్దమ్మ పోయిందన్న తంతి పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో మేముండే రైల్వే క్వార్టర్సుకు వచ్చేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. ఇంగ్లీషులో నాలుగే మాటలు. నేను చదివింది కొబ్బరి తోటలోని తెలుగు బడిలో. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. ఆ నాలుగు మాటలకు అంత కష్టపడనక్కర్లేకపోయింది. పొయ్యి ఆర్పి, ఐదేళ్ళ మా అమ్మాయికి గౌను తొడిగి, మా ఆయన డ్యూటీ దిగేలోపే బట్టలు మూట కట్టాను. సాయంత్రం రైల్లో తెలుక్ ఆన్సన్ చేరి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి సుంగై సుమున్‌లో దిగాం. అక్కణ్ణుంచి నడక. మేము వెళ్ళేసరికి ఆమెను గుమ్మం ముందు చాప మీద పడుకోబెట్టారు. పక్కింటి మలాయి ముసలమ్మ తలదగ్గర కూర్చుని, ముఖం మీద ఈగ వాలకుండా విసనకర్రతో విసురుతోంది. ఎప్పటినుంచి విసురుతోందో, చెయ్యి మార్చుకుని మళ్ళీ విసురుతోంది.

పేరున్నవాళ్ళు పోతే పేపర్లో రాస్తారు. మా పెద్దమ్మ కొబ్బరి తోటలో కూలి. ఆమె గురించి రాయడానికి నేను తప్ప ఎవరూ లేరు. రాయడం నేర్పించింది కూడా ఆమే కాబట్టి ఈ పని నాదే అనుకుని కూర్చున్నాను.

ఆమె నా కన్నతల్లికి అక్క. విశాఖపట్నం జిల్లాలో కరువు పడిన ఏడాది అక్కాచెల్లెళ్ళిద్దరూ భర్తలతో ఓడెక్కి ఈ మలాయి దేశానికి వచ్చారు. రేవులో దిగాక విడదీశారు. పెద్దమ్మను, పెదనాన్నను నదికి ఇవతలి తోటకూ, మా అమ్మను నాన్నను అవతలి తోటకూ పంపారు. ఓడెక్కే ముందు నలుగురూ ఒక ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేశారు. దాన్ని తోటలో అందరూ ఊరికే 'కాయితం' అనేవారు. కాయితం మీద ఉన్న మనిషి గడువు తీరేదాకా తోట గేటు దాటకూడదు. దాటాలంటే దొర చీటీ రాసివ్వాలి. చీటీ లేకుండా వెళ్తే పట్టుకొచ్చి కోర్టులో నిలబెట్టి జైల్లో పెట్టేవారు. జైల్లో ఉన్న రోజులు కూడా మళ్ళీ గడువుకి కలిపేవారు. మొదటి వానాకాలంలోనే పెదనాన్న జ్వరంతో పోయాడు. అయినా పెద్దమ్మ కాయితం తీరలేదు.

నేను పుట్టిన రోజే మా అమ్మ పోయింది. నాకు ఐదో ఏడు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఒక ఆడమనిషి, కూలీల గదులు వరసగా ఉండే మా లైనులో, మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చీర మోకాలిదాకా తడిసి, పాదాలకు రేవు బురద అంటుకుని ఉంది. నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. తర్వాత, "తిన్నావా?" అంది. నాకు గుర్తున్న వాటిలో అన్నిటికంటే పాతది ఆ మాటే.

ఆ పొద్దున్న ఇవతలి తోటలో కూలీలందర్నీ ఆఫీసు ముందు కూర్చోబెట్టి, కాయితాలన్నీ రద్దయిపోయాయని గుమాస్తా చదివి వినిపించాడట. ఇక ఎవరూ కాయితం మీద లేరు, ఉండాలనుకుంటే ఉండి పనిచేసుకోవచ్చు, పోవాలనుకుంటే పోవచ్చు. విన్నవాళ్ళకు ఏం చెయ్యాలో తోచలేదు. కొందరు మళ్ళీ పనిలోకి వెళ్ళారు. పెద్దమ్మ మాత్రం చేతిలో కత్తి కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి, రేవుకి నడిచి, పడవ దొరికితే ఎక్కి నాకోసం వచ్చింది. మా నాన్న అప్పటికి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఇంకో తోటకు పోయే ఆలోచనలో ఉన్నాడు. అడ్డు చెప్పలేదు. పొద్దుగూకే ముందు నన్ను చంకనేసుకుని ఆమె తన తోట గేటులోకి తిరిగొచ్చింది. కాపలా ఉండే పంజాబీ ఆయన ఎక్కడికెళ్ళావని అడిగితే, "ఇంటికొస్తన్నాను" అని లోపలికి నడిచిందట.

మరుసటేడు అదే రోజున, ఏరువాక పున్నమి వెళ్ళిన మర్నాడు, ఆమె ఉతికిన చీర కట్టుకుని, నాకు తలంటి, అన్నం మూట పట్టుకుని గేటు దాటింది. గేటుకి ఎదురుగా పెద్ద కాలవ మీద చెక్కవంతెన ఉంది. వంతెన దాటితే రేవు, చీనా కొట్టు, పక్కనే మలాయి ఊరు. అక్కడ కూర్చుని ఇద్దరం తిన్నాం. సాయంత్రం తిరిగొచ్చాం. లైన్లో అమ్మలక్కలు ఎందుకెళ్ళావని అడిగారు. "ఊరికే" అంది. ఆ పైయేడు ఇంకో రెండు కుటుంబాలు మాతో వచ్చాయి. నేను బడికి వెళ్ళే వయసొచ్చేసరికి లైన్లన్నీ కదిలేవి. దానికి గేటు పండగ అని పేరు పడిపోయింది.

ఆ పండగకి పూజ లేదు, పూజారి లేడు. పొద్దున్నే పిల్లలకు తలంట్లు. ఆడవాళ్ళు పులిహోర కలిపేవారు, కొబ్బరి బూరెలు వండేవారు. మగవాళ్ళు గుండెలకు తప్పెటలు కట్టుకుని ముందు నడిచేవారు. అందరికంటే ముందు గేటు దాటవలసింది మాత్రం ఆ ఏడు పుట్టినవాళ్ళలో ఆఖరి బిడ్డ. తల్లి ఎత్తుకుని దాటించేది. అది పెద్దమ్మ పెట్టిన పద్ధతి. "కాయితం ఎరగనోళ్ళు ముందు" అనేది. ఆ బిడ్డ వంతెన దిగేదాకా వెనక తప్పెట మోగేది కాదు. దిగాక మొదలయ్యేది.

వంతెన అవతల కోలాటాలు, చెమ్మచెక్కలు, పిల్లలకు పరుగు పందాలు. ఇనప మొన మీద కాయ గుచ్చి పీచు వలిచే పందెం ఆడవాళ్ళకే. దాన్లో పెద్దమ్మను ఓడించినవాళ్ళు చాలా ఏళ్ళు లేరు. ఓడిన ఏడు మూతి ముడుచుకుని, "మొన వంకర" అంది. తమిళ లైన్లవాళ్ళు కూడా వచ్చేవారు. చీనా కొట్టు ముసలాయన పిల్లలకు వేయించిన వేరుశెనక్కాయలు పంచేవాడు. పెద్దమ్మకు గొంతు లేదు. అయినా పాట ఎత్తుకునేది, అందరూ మానేసినా ఆపేది కాదు.

ఆదివారం పెట్టుకుంటే పని పోదు కదా అని కొందరు సలహా ఇచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. కాయితం రోజుల్లో కూడా ఆదివారం నాడు అదృష్టముంటే చీటీ దొరికేదట. ఏ వారమైనా అదే రోజు చెయ్యాలనేది. పాత దొర చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఇంట్లో ఆమె అలవాట్లు చిన్నవి. ఎవరు బయటికి వెళ్తున్నా "ఎక్కడికి?" అని అడిగేది కాదు. శకునం పట్టింపు అనుకునేదాన్ని. నేను పెద్దయ్యాక స్నేహితురాళ్ళతో రేవుకు వెళ్ళినా, చివరికి పెళ్ళిచేసుకుని పట్నం వెళ్తున్నప్పుడైనా, "తిన్నావా?" అనేదే ఆమె ప్రశ్న. తను వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, ఎవరూ లేకపోయినా, "ఎల్తన్నాను" అనేది.

అక్షరం రాదు. కాని అక్షరం కనిపిస్తే వదిలేది కాదు. తోటలో తెలుగు బడి పెట్టిన మొదటి రోజే నన్ను తీసుకెళ్ళి పంతులు ముందు కూర్చోబెట్టింది. ఆడపిల్ల కొబ్బరి ఎండబెట్టే పనికి వస్తే ఇంటికి ఆసరా కదా అన్నవాళ్ళకు సమాధానం చెప్పలేదు. సాయంత్రం కత్తి కడుక్కుని వచ్చి, నా పలకను కూడా తనే కడిగేది. తర్వాత చదవమనేది. పుస్తకం అయిపోతే బిస్కట్ల డబ్బా మీదది, అగ్గిపెట్టె మీదది, పాత పేపరు ముక్క మీదది. నాకు రాని భాషలో ఉంటే, "ఏటి రాసుందో తెలీదని సెప్పు. తెలిసినట్టు సెప్పకు" అనేది. "వేలు పెట్టే ముందు సదువు. సదవడం రాకపోతే వేలు పెట్టకు." ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఈ రోజుకీ తపాలా మనిషి కాగితం చాపితే చివరిదాకా చదవకుండా సంతకం పెట్టను. అతను విసుక్కుంటాడు.

ఇప్పుడు ఐదేళ్ళ కిందటి సంగతి చెప్పాలి. ఎండు కొబ్బరి కొనేవాళ్ళు లేక తోటలు మూతపడుతున్న కాలం. పని లేనివాళ్ళను ఓడలెక్కించి ఇండియాకు తిప్పి పంపేస్తున్నారు. మా తోటకు కొత్త దొర వచ్చాడు. నేను మూడు నెలల కూతుర్ని ఎత్తుకుని పండగకని పట్నం నుంచి వచ్చాను. ముందు రోజు మధ్యాహ్నం కంగాణి మా గుమ్మంలోకి వచ్చాడు. కూలీల మీద పెద్ద అతనే. పెద్దమ్మకు వరసకు మరిది.

"రేపు పని ఉంది వదినా, దొర సెప్పమన్నాడు" అన్నాడు. "పండగ సేసుకోవాలంటే నా కాడికొచ్చి సీటీ అడగండి. మజ్జాన్నం నుంచి ఒగ్గేత్తాడంట. సెడ్డోడు కాదులే. అడిగితే ఇచ్చేత్తాడు. అడక్కుండా గేటు దాటినోల్ల పేరు కొట్టేత్తానన్నాడు."

పెద్దమ్మ వక్క కత్తిరిస్తోంది. "ఏటని అడగాల?"

"పండగ సేసుకుంటాం, ఎల్లనివ్వండని."

"ఎల్లనివ్వమని అడిగి ఎల్తే అదేటి పండగ నాయనా?"

అప్పటికే గుమ్మం చుట్టూ జనం చేరారు. పక్క లైను అతను, నలుగురు పిల్లల తండ్రి, ముందుకొచ్చి, "ఒక్క మాట అడిగితే పోయేదేటి అత్తా?" అన్నాడు. "ఓడెక్కించి పంపేత్తే అక్కడ మాకేటుంది? ఊర్లో ఇల్లు లేదు, సెంటు బూమి లేదు. పిల్లలకి ఆ ఊరి పేరే తెల్దు."

"అడుగు నాయనా" అంది పెద్దమ్మ. "పిల్లలున్నోడివి. నువ్వు అడిగితే నానేటీ అనుకోను. మీరెవరడిగినా నానేటీ అనుకోను. నాను అడగలేను. నాకు నోరు రాదు."

ఆ మాటలో కోపం లేదు. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఎప్పటిలాగే పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. ఇంత ఎవరు తింటారని అడిగాను. "మిగిల్తే మాచిక్ కోళ్ళకి ఏద్దాం" అంది. మాచిక్ అంటే వంతెన అవతల ఉండే మలాయి ఆవిడ. అక్కడ పెద్ద ఆడవాళ్ళను అలా పిలుస్తారు. గిన్నెకు చెరోపక్కా చెయ్యివేసి, నా చంకలో పాపతో, ఇద్దరం గేటు దాటాం. తప్పెట లేదు. పంజాబీ ఆయన ఏమీ అడగలేదు. తలుపు తీసి పక్కకు జరిగాడు.

రేవు పక్క పాకలో కూర్చున్నాం. నది పోటు మీదుంది. పాపకు పాలిస్తూ అడిగాను, ఎందుకింత పంతం అని. కొంచెం కోపంగానే అడిగాను. ఉన్న గూడు పోతుందన్న భయం నాది.

ఆమె నదివైపు చూస్తూ చెప్పింది. "మీ అమ్మకి నొప్పులొస్తన్నాయని కబురొచ్చినాది. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. సీటీ అడిగినాను. ఆదివారం రా అన్నాడు అప్పటి దొర. అది మంగళారం. మళ్ళీ ఎల్లి కాళ్ళ మీద పడి అడిగినాను. మూడోపాలి అడగలేదు, ఎల్లిపోనాను. ఇదే రేవు. పడవెక్కి కూకున్నాను. తాడు ఇప్పుతుంటే వచ్చి పట్టుకున్నారు."

రెండు వారాలు జైలు. చెల్లెలు పోయిన కబురు అక్కడే తెలిసింది. బిడ్డ బతికిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చాక తెలిసింది. జైలుకెళ్ళిన మనిషని ఆ తర్వాత ఒక్కసారి కూడా చీటీ ఇవ్వలేదు. నదికి ఇవతల ఆమె, అవతల నేను. ఐదేళ్ళు.

"అడగడం తప్పని కాదే" అంది. "నాను అడిగి సూసినాను."

నా పెళ్ళయ్యేదాకా ఒకే గదిలో ఉన్నాం. ఆ సంగతి నాకు ఆ రోజుదాకా చెప్పలేదు. నేను పుట్టడం వల్ల ఇదంతా జరిగిందని నేననుకుంటానేమో అని చెప్పలేదట. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆమే, "పాపకి ఎండ తగుల్తంది, ఇలా జరుగు" అంది.

మధ్యాహ్నానికి కాస్త ముందు గేటు దగ్గర అలికిడైంది. మూడు వారాల బాలింత, నెత్తిన గుడ్డ కప్పుకుని, బిడ్డను గుండెకు హత్తుకుని వంతెన మీద నడిచి వస్తోంది. ఆమె వెనక ఖాళీ. బిడ్డ వంతెన దిగేదాకా ఖాళీయే. దిగగానే గేటులోపల తప్పెట మోగింది. ఒకరి వెనక ఒకరు వచ్చారు. తెల్లవారకముందే పనిలోకి దిగి, ఆ రోజు చెయ్యాల్సిన పనంతా ముగించి వచ్చారు. ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ఎవరూ చీటీ అడగలేదు. నలుగురు పిల్లల తండ్రి చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చాడు. అందరి తర్వాత కంగాణి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని వచ్చాడు. పెద్దమ్మ అతనికి ఆకు వేసి, "కూకో మరిదీ, పులుపు సరిపోయిందో లేదో సూడు" అంది.

ఆ సాయంత్రం తిరిగొచ్చేసరికి గేటు మూసి ఉంది. లోపల బల్ల వేసుకుని గుమాస్తా కూర్చున్నాడు. వెనక దొర నిలబడ్డాడు. పేర్లు రాయించి లోపలికి రమ్మన్నారని గుమాస్తా చెప్పాడు. జనం వెనకాడారు. పిల్లలు ఏడుపు మొదలెట్టారు.

పెద్దమ్మ ముందుకెళ్ళి ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పింది. గుమాస్తా రాశాడు. ఆమె కదలలేదు. మా అమ్మ పేరు చెప్పింది.

"ఈవిడెవరు? ఏ లైను?" అన్నాడు గుమాస్తా.

"నా సెల్లి. పోయింది. ఆమె కూడా వచ్చినాది, రాయండి."

గుమాస్తా కలం ఆగింది. వెనక్కి తిరిగి, తోట దొరలు నేర్చుకునే తమిళంలో ఆయనకు చెప్పాడు. దొర పెద్దమ్మను చూశాడు. ఆమె కూడా ఆయన్ను చూసింది. కాసేపటికి రాయమన్నట్టు తలాడించాడు. ఆమె తర్వాత వచ్చిన ముసలాయన తన పేరుతోపాటు, కాయితం రోజుల్లో జ్వరానికి పోయిన భార్య పేరు చెప్పాడు. ఆ వెనక ఒకామె తండ్రి పేరు చెప్పింది. అందరూ చెప్పలేదు. ఎవరికి ఉన్నవాళ్ళు చెప్పారు. పొద్దుగూకింది, గుమాస్తాకు దీపం తెచ్చి పెట్టారు. పేర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. దొర ఎప్పుడు లోపలికి వెళ్ళాడో ఎవరూ చూడలేదు. పంజాబీ ఆయన గేటు రెండు తలుపులూ బార్లా తీసేశాడు.

అంతమంది పేర్లు కొట్టేస్తే తోటలో పనిచేసేవాళ్ళుండరు. కాబట్టి ఒక్క పెద్దమ్మ పేరే కొట్టేశారు. మూడు రోజుల్లో గది ఖాళీ చెయ్యమన్నారు. నాకు ఏడుపాగలేదు. ఆమె మాత్రం రేకుపెట్టె సర్దుకుని, రోలు నెత్తిన పెట్టుకుని వంతెన దాటింది. మాచిక్ తన కొబ్బరిచెట్ల వెనక ఒక మూల చూపించి, అక్కడ పాక వేసుకోమంది. పెద్దమ్మ మొహమాటపడితే, "తక్ అపా" అని చెయ్యి ఊపిందట. ఏం పర్లేదులే అని. లైన్లలోని మగవాళ్ళు పనయ్యాక వచ్చి రెండు సాయంత్రాల్లో పాక లేపారు.

మా ఇంటికి రమ్మని బతిమాలితే వచ్చి పది రోజులుంది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఏం బాగుందో ఏం బాగులేదో చెప్పలేదు. పదకొండో రోజు పొద్దున్న గుమ్మంలో ఆగి, "ఎల్తన్నాను" అంది. రైల్వే చీటీ నేనే కొనిచ్చాను. "ఈ సీటీ పర్లేదు" అని నవ్వింది.

చివరి ఐదేళ్ళూ ఆ పాకలోనే బూరెలు వండి అమ్ముకుంటూ బతికింది. ఏటా గేటు దాటిన జనం నేరుగా ఆమె వాకిట్లోకే వచ్చేవారు. చీటీ అడగమని ఆ దొర మళ్ళీ అనలేదు. తర్వాత వచ్చిన దొరకు చీటీ అడిగే ఆచారం ఒకటుండేదని కూడా తెలియదు. కోపం లేదా అని ఒకసారి అడిగాను. "ఇల్లు అవతలుండేది, ఇప్పుడు ఇవతలుంది. అంతే కదా" అంది.

పోయిన రోజు కూడా పొద్దున్న బూరెలు వండిందట. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. మాచిక్ చూసి కేక వేసింది. మేము చేరాక, తోట పని సాగే వేళ, లైన్లన్నీ వచ్చాయి. ఆడవాళ్ళు మాసిన పని చీరల్లోనే వచ్చారు. కంగాణి పాడె పట్టాడు. నది ఒడ్డున మెరక మీద పాతిపెట్టారు. కొబ్బరికాయ నేనే కొట్టాను.

నేను ఆమెకు ఏం చేశానని ఆలోచిస్తే చెప్పుకోదగ్గది కనపడదు. ఆమె చేసినవి మాత్రం రోజూ నా చేతికి తగులుతూనే ఉంటాయి. ఇప్పుడు ఈ అక్షరం, ఈ కాగితం. నాకోసం నది దాటి వచ్చిన మనిషి ఒకరున్నారన్న ధైర్యం. తల్లి లేని పిల్లనని ఎవరైనా జాలిపడితే నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉండేది.

పదో రోజు కర్మ అయ్యాక మర్నాడు బయల్దేరాలి. తెల్లవారుతుండగా లేచి తలుపు తీశాను. మాచిక్ కొబ్బరి ఈనెల చీపురుతో వంతెన దగ్గర్నుంచి వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ మా గుమ్మందాకా వచ్చి, చెట్ల వెనకనుంచి తన ఇంటికి వెళ్ళిపోయింది. రాత్రి వానకు తడిసిన ఇసుక మీద చీపురు గీతలు వంతెనదాకా వరసగా పడి ఉన్నాయి. ఒక్క అడుగు కూడా పడలేదు. నా పక్కనుంచి మా అమ్మాయి దూరి, వట్టికాళ్ళతో మెట్టు దిగి, ఆ గీతల మీదుగా వంతెనవైపు పరుగెత్తింది. వెనక చిన్న చిన్న పాదాల గుర్తులు పడుతూ పోయాయి.